దూది తగిలిన చోటు

పరుపులు కుట్టే ఆయనకు ఏ నొప్పికైనా ఒకటే కారణం తోచేది. మెడ పట్టేసిందని ఎవరైనా అంటే, "పరుపులో దూది మార్చి ఎన్నాళ్లయింది?" అని అడిగేవాడు.

"కడుపునొప్పి అన్నా పరుపు విప్పమంటాడు ఈ మనిషి," అని భార్య దెప్పేది.

అందుకే తొమ్మిదేళ్ల కూతురు బడి నుంచి వచ్చి, "నాన్నా, వెన్నులో పొడిచినట్టుంది," అన్నప్పుడు ఆయన పిల్లను కాక మంచాన్ని చూశాడు. పరుపు విప్పాడు. గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్లీ నింపి, గట్టిగా కుట్టి పరిచాడు. పిల్ల దాని మీదే పడుకుంది. తెల్లారి లేవబోతే కాళ్లు కదల్లేదు.

"బడి ఎగ్గొట్టే వేషాలా?" అంది తల్లి. పిల్ల నవ్వలేదు.

ఆసుపత్రిలో స్కాన్ చూసి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "వెన్నుపాము మీద రక్తనాళాలు పుట్టుకతోనే చిక్కుపడి ఉన్నాయి. ఒకటి చిట్లి రక్తం కారింది. సన్నని గొట్టం పంపి ఆ చిక్కును మూసేస్తాం. కాళ్లు ఎంతవరకు తిరిగొస్తాయో ఇప్పుడే చెప్పలేను."

"నా పరుపు వల్లేనా అమ్మా?"

"కాదండీ. కానీ నిన్ననే తెచ్చుంటే బాగుండేది."

ఆమె పిల్లను కళ్లు మూసుకోమని, దూదిపింజతో అరికాలి మీద రాసింది.

"తగలగానే చెప్పు."

"సరే. ఎప్పుడు పెడతారు?" అంది పిల్ల.

చికిత్స అయింది. ఇంటికొచ్చాక తల్లి రోజూ కాళ్లు వంచి చాపించేది. సాయంత్రాలు ఆయన దూదిపింజ పట్టుకుని పిల్ల కాళ్ల దగ్గర కూర్చునేవాడు. ఒకరోజు పిల్ల కళ్లు మూసుకునే, "తగిలింది నాన్నా," అంది.

"నేనింకా పెట్టనేలేదు, దొంగా."

ఆ తర్వాత ఆయన మళ్లీ అడగలేదు.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం ముందుగదిలో దూది ఏకుతున్నాడు. పిల్ల గోడ పక్కన బోర్లా పడుకుని కథల పుస్తకం చదువుకుంటోంది.

"అటు తిరిగి ఏకు నాన్నా. కాలి మీద పడుతోంది."

ఆయన చేయి ఆగింది. చదువుతున్న పిల్ల వెనక్కి తిరిగి చూడనేలేదు. ఎడమ అరికాలి మీద దూదిపింజ ఒకటి వాలి ఉంది.

చప్పుడు ఆగేసరికి భార్య వంటింట్లోంచి వచ్చింది. "ఏం పాడైంది మళ్లీ?"

ఆయన మాట్లాడొద్దని సైగ చేసి, కాలు చూపించాడు. బొటనవేలు మెల్లగా ముడుచుకుంటోంది.

"తియ్యి నాన్నా, చక్కిలిగింత," అంది పిల్ల, పేజీ తిప్పుతూ.

ఆయన వెంటనే తీయలేదు.