పడమటి కమోడ్

ఇప్పుడు మీకొక మహాకావ్యం చెబుతాను. అంటే, కావ్యమేమీ కాదు, మా ఇంట్లో కమోడ్ మార్చిన సంగతి. నిన్న పక్క ఫ్లాట్ నుంచి తడి సిమెంటు వాసన రాగానే గుర్తొచ్చింది.

మోకాళ్లు అరిగిన నానమ్మ కింద కూర్చోలేక ఏడుస్తోందని, నాన్న గవర్నర్‌పేట నుంచి ఆటోలో వెస్టర్న్ కమోడ్ తెచ్చాడు. అప్పుడే బళ్లో దిక్కులు నేర్చుకున్న నేను ఊరుకోలేదు.

"వెస్ట్ అంటే పడమర నానమ్మా! అటు తిరిగి కూర్చోవాలి."

నా ఇంగ్లీషును అంతగా నమ్మిన మనిషి మళ్లీ దొరకలేదు.

"ఉత్తరమో దక్షిణమో అయితే సరే. వాస్తు తప్పి పడమటికి తిరిగి మాత్రం చచ్చినా కూర్చోను!" అంది నానమ్మ.

బిగించిన మేస్త్రీ నవ్వాపుకున్నాడు. "ఇది ఉత్తరానికే ఉందండీ మామ్మగారూ. పేరే వెస్టర్న్."

నానమ్మ కిటికీలోంచి సూర్యుణ్ణి చూసి సరిచూసుకుంది. ముఖం విచ్చుకుంది. "అయితే జరగండ్రా, కూర్చుంటా."

"ఇప్పుడే కాదండీ. సిమెంటు ఆరడానికి ఒక రోజు పట్టుద్ది."