అరుగు కోసం భాయ్ పెట్టిన అర్జీ

తిరుపతిలో రైల్వే స్టేషన్ వెనక వీధి మాది. ఒకప్పుడు ఇంటింటికీ అరుగు ఉండేది. కొండకు పోయేవాళ్ళు రైలు దిగి, ఎక్కడ చోటు కనబడితే అక్కడ దుప్పటి పరిచేవాళ్ళు. తెల్లారి కళ్ళాపి చల్లాలంటే మా అమ్మ ముందు వాళ్ళను లేపాలి. గొణుక్కుంటూనే కాఫీ ఇచ్చేది. పుణ్యం కోసమనేది కానీ, ఊరూరి కబుర్లు వినడమంటే ఆమెకు పిచ్చి.

మా అరుగు మీదే ఒక పక్కగా భాయ్ కుట్టుమిషన్ ఉండేది. యాత్రికుల సంచుల పట్టీలు, జిప్పులు బాగుచేసేవాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. మా నాయన ఏనాడో "ఈడ కూర్చోప్పా" అన్నాడు, ఆయన కూర్చున్నాడు. అమ్మానాయనలు పోయారు, ఇల్లు నాకొచ్చింది, నా తల నెరిసింది. భాయ్‌కి మాత్రం నేనింకా పాపనే.

ఇప్పుడు వీధిలో మా అరుగొక్కటే మిగిలింది. పూలు కట్టేవాళ్ళ ఇల్లు నాలుగంతస్తుల లాడ్జి అయింది. ఎదురింటి మేడ మీద శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలుంటారు. పొద్దున కంపెనీ బస్సెక్కితే మళ్ళీ పొద్దుగూకాకే కనబడతారు. వీధి పాడైపోయిందని అందరికంటే గట్టిగా తిట్టేది నేనే. అలాంటి నేను, అరుగు కొట్టించి, ఆ చోటు ముందుగదిలో కలిపి ట్రావెల్స్ ఆఫీసుకు అద్దెకిద్దామని మావారంటే సరేనన్నాను.

"భాయ్‌కి నువ్వే చెప్పు. మీ నాయన కూర్చోబెట్టిన మనిషి కదా," అన్నారు మావారు. వారం నాన్చాను. చివరికి ఒక మధ్యాహ్నం ఆయన మొహం చూడకుండా, "రోడ్డు వెడల్పు చేస్తారంట భాయ్. అరుగు కొట్టేయమని మునిసిపాలిటీ వాళ్ళు చెప్పిపోయినారు," అన్నాను. అబద్ధం నా నోటికి అంత సులువుగా వస్తుందని నాకే తెలియదు.

తల ఊపి సామాను సర్దుకుంటాడనుకున్నాను. నాలుగో రోజు ఒక అర్జీ పట్టుకొచ్చాడు. లాడ్జి గుమాస్తా ఒకాయనతో రాయించాడట. కింద వీధి వీధంతా సంతకాలు పెట్టింది. మిగిలిన పాతకాపులు, లాడ్జీల వాళ్ళు, శ్రీసిటీ పిల్లలు, చివర్లో టీ అంగడామె వేలిముద్ర. వీళ్ళలో సగంమందితో నేను ఏనాడూ మాట్లాడింది లేదు. ఆయనకు అందరూ తెలుసు. సంచి చినగనివాళ్ళు ఎవరుంటారు?

"కొట్టేస్తామంటే అయిపోతాదా పాపా? మీ నాయన కట్టించిన అరుగు. రేపు నేనే ఆఫీసుకు పోతా. సూడు, అందరికంటే పైన నీకు చోటు ఇడిసిపెట్టినా," అని పెన్ను నా చేతిలో పెట్టాడు.

మొదట ఆయన మీదే ఒళ్ళు మండింది. ఇంత మంచితనం ఎవరడిగారని. తర్వాత సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పెన్ను తిరిగి ఇచ్చి, "మునిసిపాలిటీ కాదు భాయ్, మేమే కొట్టిస్తుండాం," అని చెప్పేశాను.

ఆయన కాగితాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ మాట ముందే చెప్పింటే సరిపోయేది కదమ్మా," అన్నాడు. పాపా అనలేదు.

రెండు రోజుల తర్వాత ఆటో తెచ్చుకుని మిషన్ ఎక్కించుకుపోయాడు. ఆ సాయంత్రం పాలకు వెళ్తుంటే టీ అంగడామె నన్ను ఆపింది.

"మునిసిపాలిటీ ఆఫీసులో అడిగితే అరుగు జోలికి రామన్నారంట కదక్కా. అయినా భాయ్ ఉండలేదే! కండ్లు ఆనడం లేదు, ఇంక కుట్టలేనని ఇంటింటికీ వచ్చి చెప్పి పోయినాడు. నువ్వు శానా బతిమాలినావంట, తనే వినలేదంట. పాపం."

ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"అవును," అన్నాను. "ఎంత చెప్పినా వినలేదు."