దేవదానం గారి చేత పాడించిన రిమోటు

చనిపోయిన మనిషిని నేను రెండోసారి చంపాను. కంగారు పడకండి, కేసేమీ కాలేదు. ఆయుధం రెండు పెన్సిల్ సెల్లులు వేసిన ప్లాస్టిక్ రిమోటు. నలభైమంది చూస్తుండగా, పాస్టరు గారి ప్రార్థన ముగిసీ ముగియకముందే, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఆ పని చేశాను. వింటే మీకు నవ్వొస్తుంది, నవ్వుకోండి. నాకు మాత్రం ఆ నవ్వు ఇప్పటికీ గొంతు దాకా వచ్చి అక్కడే చేపముల్లులా అడ్డం పడుతుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. గూడూరు స్టేషను దగ్గర ఒక సందులో నా రిమోట్ల షాపు. ఎంత పెద్ద షాపంటే, నేను తుమ్మితే ఎదురు షాపాయన మొహం తుడుచుకునేవాడు. మూడు గోడలకీ రిమోట్లు ఎండుచేపల్లా వేలాడేవి. పైన బోర్డు: 'ఏ టీవీకైనా, ఏ ప్లేయరుకైనా రిమోటు ఇక్కడ దొరుకును.' ఆ 'దొరుకును' అన్న మాట రాయించినప్పటి నుంచి నా మెడ నిటారుగా ఉండిపోయింది. సందులో నిమ్మకాయల బస్తాలు మోసుకుపోయే వాళ్ళు పక్కకి తప్పుకోమన్నా తప్పుకునేవాడిని కాను.

ఒకరోజు మధ్యాహ్నం సుగుణమ్మ వచ్చింది. నలభై అయిదు, యాభై మధ్య ఉంటుంది. చిల్లకూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డులో ఆమె పల్లె. రెండు ఆటోలు మారి వచ్చానని చెప్పింది.

"డీవీడీకి రిమోటు కావాల నాయనా."

"పాతది తెచ్చినావా అక్కా?"

"లేదు."

"పగిలిందా, పోయిందా?"

"మా ఆయన పెట్టెలో పెట్టేసినాం."

"పెట్టెలో ఉంటే పోలేదుగా! తాళం తీసి తీసుకురా పో."

"ఆయన్ని పూడ్చిపెట్టిన పెట్టె నాయనా."

మీరైతే అక్కడే నోరు మూసుకునేవారు. నేను మూసుకోలేదు. "అయితే అది ఇంక దొరకదులే" అన్నాను, పెద్ద విషయం కనిపెట్టినట్టు.

ఆమె చెప్పిన సంగతి ఇదీ. భర్త పేరు దేవదానం. వాళ్ళ చర్చిలో పాటల బృందానికి ఆయనే పెద్ద. నెల్లూరులో ఒక స్టూడియో వాళ్ళు ఆయన రాసిన పాటని డిస్కుగా చేశారు. అందులో ఆయన సముద్రం ఒడ్డున తెల్ల జుబ్బా వేసుకుని పాడుతూ నడుస్తాడు. ఉన్నది ఒక్కటే డిస్కు. ప్లేయరు రిమోటు ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. రోజూ సాయంత్రం తనే ఆ పాట పెట్టుకుని, దాంతోపాటు మైకులో తనూ గొంతెత్తి పాడేవాడట. అంత ఇష్టం గదా అని, పోయినప్పుడు ఒక చేతి పక్కన బైబిలు, ఇంకో చేతి పక్కన రిమోటు పెట్టి పంపించారు. ఏడాది తిరగబోతోంది. జ్ఞాపకార్థ కూడికలో అందరికీ ఆ పాట వినిపించాలని ఆమె కోరిక. కానీ డిస్కు వేస్తే బొమ్మ వచ్చి అక్కడే నిలబడిపోతోంది. ముందుకు పొమ్మని చెప్పడానికి ఆ ప్లేయరు మీద బటనే లేదు.

"మోడలు నంబరేంది అక్కా?"

"నల్లగా ఉంటాది."

ఆ వివరం చాలు మహానుభావుడికి. గోడ మీది నుంచి ఒకటి పీకి ఇచ్చాను. తెలియనివారి కోసం ఒక మాట చెప్తాను. రిమోట్లు కవలపిల్లల్లాంటివి. పైకి ఒకటే మొహం, లోపల బుద్ధులు వేరు. ఒకే కంపెనీ పేరున్నా ఒకదాని భాష ఇంకోదానికి తెలియదు. అది నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను.

వారం తిరక్కుండా వచ్చింది. "ఏ బటను నొక్కినా డిస్కు పెట్టే పళ్ళెం బయటికొస్తా ఉండాది నాయనా. లోపలికి తోస్తే మళ్ళా నాలిక బయటపెడతా ఉండాది."

రెండోది ఇచ్చాను. అది ఆమె ప్లేయరుని ముట్టుకోలేదు గానీ టీవీని ఆర్పేసేదట. "అక్కా, నువ్వు సరిగ్గా నొక్కటల్లేదు" అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. అమ్మలేక అక్క ఓడు అన్నది నేను.

మూడోసారి ఆమె తెలివిగా ప్లేయరు అడుగున ఉన్న నంబరు ఎవరిచేతనో కాగితం మీద రాయించుకొచ్చింది. వెతికి, దగ్గర దగ్గరగా సరిపోయేది ఇచ్చాను. నాలుగో రోజుకల్లా మళ్ళీ షాపు ముందు నిలబడింది. అప్పుడు నలుగురు బేరగాళ్ళున్నారు.

"ఇది పని చేస్తా ఉండాదా లేదా?" అన్నాను.

"చేస్తా ఉండాది నాయనా. బొమ్మ కదుల్తా ఉండాది. వాయిద్యాలు మోగతా ఉండాయి. ఆయన నోరు ఆడిస్తా ఉండాడు. కానీ పాడటల్లేదు."

"పాడటల్లేదా?"

"గొంతు రావటల్లేదు."

నలుగురు వింటున్నారని నా నాలుకకి దురద పుట్టింది. "అక్కా, పోయినాయన పాడకపోతే రిమోటు తప్పా? ఇంతకీ ఆయన నీమీద అలిగి పోయినాడేమో, ఆ పక్క కనుక్కో!"

నలుగురూ నవ్వారు. ఆమె రిమోటు చేతిసంచిలో పెట్టుకుని ఎండలోకి నడిచి వెళ్ళిపోయింది. ఆ నవ్వు రుచి నాకు భోజనం దాకా కూడా నిలవలేదు.

మర్నాడు ఒక ముసలాయన వచ్చాడు. పేరు ఏసోబు. దేవదానం గారి పాటలకి ముప్పై ఏళ్ళు డోలక్ వాయించిన మనిషి.

"అబ్బయా, సుగుణమ్మ వచ్చి పోయింది గదా. ఆమెకి ఇంక రిమోటు ఇయ్యబాక. ఆ మోడలుకి దొరకదని చెప్పెయ్."

"ఎందుకు దొరకదు?"

"దొరకదని చెప్పెయ్, అంతే. మ్యూజిక్కు వస్తా ఉండాదిగా, చాలు. పాట మేం పాడుకుంటాం."

"తాతా, పైన బోర్డు చూసినావా?"

"నాకు చదువు రాదు."

"ఏ ప్లేయరుకైనా దొరుకును అని రాసుంది."

"అయితే ఆ బోర్డు దించు అబ్బయా ఒక పదిరోజులు" అని, ఇంకేదో చెప్పబోయి, మింగేసి వెళ్ళిపోయాడు.

అర్థం చేసుకునే బుర్ర ఉంటే ఆ ముసలాయన వెనకాల పరిగెత్తి కారణం అడిగేవాడిని. నా బుర్రలో ఉన్నది బోర్డు. నా షాపుని అవమానించాడనుకున్నాను. పైగా ఆ అక్క మొహం కళ్ళముందు తిరుగుతోంది. పౌరుషం ఒక కన్నూ, పాపభీతి ఇంకో కన్నూ మూసేశాయి. ఇంక మనిషికి దారెలా కనిపిస్తుంది?

కూర్చుని ఆలోచిస్తే కిటుకు దొరికింది. పాటల డిస్కుల్లో ఒక పక్క గొంతు, ఇంకో పక్క ఉత్త సంగీతం పెడతారు, నేర్చుకునే వాళ్ళ కోసం. ఏది వినాలో చెప్పడానికి రిమోటు మీద ఒక బటన్ ఉంటుంది. కొన్ని ప్లేయర్లు ఒకసారి పెట్టింది ఆపేసినా మరచిపోవు. ఎవరో ఆ బటన్ నొక్కి ఉత్త సంగీతం వైపే పెట్టేసి ఉంటారు. నేనిచ్చిన మూడో రిమోటుకి ఆ ఒక్క బటనే లేదు. నేను పట్టిన కుందేలుకు అన్ని కాళ్ళూ ఉన్నాయి, నోరే లేదు! నెల్లూరులో తెలిసినవాళ్ళని పట్టుకుని అచ్చం ఆ మోడలు రిమోటే తెప్పించాను. ఫోను కెమెరాలో చూస్తూ నొక్కితే, మామూలు కంటికి కనిపించని దాని బల్బు వెలుగు మినుకుమంది. నా మొహం అంతకంటే ఎక్కువ వెలిగింది.

కూడిక రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎవరూ పిలవకుండానే బయల్దేరాను. రొయ్యల గుంటల మధ్య రోడ్డు, ఉప్పుగాలి, ఇంటి ముందు షామియానా. సుగుణమ్మ నన్ను చూసి లేచి నిలబడింది.

"వందనాలు నాయనా. నువ్వు వస్తావనుకోలా."

"అక్కా, ఈరోజు ఆయన పాడతాడు."

ఆమె కళ్ళనిండా నీళ్ళు. నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. పాస్టరు గారు దేవదానం గారి గొంతు గురించి చెప్పారు. ఉరుములాంటి గొంతట. మైకు లేకపోయినా సముద్రం దాకా వినిపించేదట. ప్రార్థన చేసి "ఆమేన్" అన్నారు. నేను లేచాను.

మూల నుంచి ఏసోబు తాత కళ్ళతో సైగ చేశాడు. వద్దన్నట్టు డోలక్ మీద చెయ్యి అడ్డంగా ఊపాడు. తాళం గురించి ఏదో చెప్తున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపాను.

ఇంక నా ఉపన్యాసం విని తరించండి. "అందరికీ వందనాలు! మూడు రిమోట్లు చెయ్యలేని పని ఈ నాలుగోది చేస్తాది. మన దేవదానం గారి గొంతు దీంట్లోనే ఉంది. జాగర్తగా వినండి!"

ప్లే నొక్కాను. సముద్రం వచ్చింది, తెల్ల జుబ్బా వచ్చింది, హార్మోనియం మోగింది. ఆయన నోరు తెరిచాడు. నేను ఆ బటన్ నొక్కాను.

గొంతు వచ్చింది. చాలా మంచి గొంతు. సన్నగా, తీయగా, పట్టుదారంలా సాగుతోంది. పాతికేళ్ళు కూడా ఉండని ఎవరో పిల్లవాడి గొంతు.

షామియానా కింద గాలి ఆడలేదు. ముందు వరసలో ఒక ముసలామె పక్కావిడని అడిగింది: "ఇదెవురి గొంతే?"

తెర మీద దేవదానం గారు గుండె మీద చెయ్యి పెట్టుకుని ఇంకొకడి గొంతుతో పాడుతూనే ఉన్నారు. ఇంకో అడుగు నేలమీద వెయ్యడానికి భయపడే మనిషిలా నేను రిమోటు పట్టుకుని నిలబడ్డాను. ఎవరో వెనక బెంచీలో ముక్కు చీదారు. కాదు, నవ్వారు. అది నవ్వే.

"ఆపు" అంది సుగుణమ్మ. ఆపాను.

ఏసోబు తాత లేచి వచ్చాడు. ఆమె ఎదురుగా నిలబడి, అందరికీ వినిపించేలా చెప్పాడు: "స్టూడియోలో ఆయన చేత మూడు దినాలు పాడించినారమ్మా. ఆఖరికి గొంతు మోటుగా ఉండాది, రికార్డింగుకి పనికిరాదని, ఎవురో కుర్రోణ్ణి తెచ్చి పాడించినారు. బొమ్మ మాత్రం నీదే ఉంచుతాం లే అన్నారు. నాకు తప్ప ఎవురికీ చెప్పలా ఆయన. నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు."

"మరి రోజూ సాయంత్రం..."

"ఆ గొంతు తీసేసి, తనే పాడేవాడు. ఇంట్లో నువ్వు విన్నదంతా ఆయనే. అబద్ధం కాదమ్మా."

ఆమె తెర వంక చూసింది. బొమ్మలో ఆయన నోరు తెరిచి ఆగిపోయి ఉన్నాడు. అప్పుడు నా వైపు తిరిగింది. "ఆ పిల్లోణ్ణి తీసెయ్ నాయనా. ఆయన్నే ఉండనీ."

సంగీతం మాత్రమే ఉంచాను. ఏసోబు తాత డోలక్ అందుకున్నాడు. జనం పాడారు, కానీ తలలు వంచుకుని, తప్పు చేసినవాళ్ళలా పాడారు. ఆమె పాడలేదు. భోజనాల దగ్గర ఎవరూ దేవదానం గారి గొంతు గురించి మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళుగా మాట్లాడుకున్న ఆ సంగతి ఆ మధ్యాహ్నంతో ఆగిపోయింది. మూడు రోజులు పాడి ఓడిపోయిన మనిషి ఎంత సిగ్గుని దాచుకుని బతికాడో, దాన్ని నేను ఒక్క బటనుతో షామియానా కింద ఆరేశాను.

నేను విస్తరి ముందు నుంచి లేచాను. చెయ్యి కడిగేసుకుని రోడ్డు మీదికి వచ్చాను. ఆటో కోసం నిలబడితే వెనకాలే ఆమె వచ్చింది. చెంప పగలగొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"అక్కా, తప్పయిపోయింది. ఆ రోజు షాపులో అన్న మాటకీ, ఈరోజు దీనికీ..."

"అడిగింది నేనేగా" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు చెడ్డోడివి కాదు నాయనా. పని తెలిసినోడివి. చెడ్డోడైతే మూడో దాంతోనే ఆపేసి ఉందువు, మేం బాగుందుము."

ఆటో వచ్చింది. ఎక్కాను.

కాబట్టి పాఠకులారా, కుడిచేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని, ఎడమచేత్తో పెన్సిల్ సెల్లులు పట్టుకుని, ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను: ముసలివాళ్ళు వచ్చి 'వద్దు' అంటే ఎందుకని అడుగుతాను. అడిగినా చెప్పకపోతే, దొరకదని చెప్తాను. ఈ బొందిలో ప్రాణముండగా, తనంతట తానుగా నోరు మూసుకున్న ఏ యంత్రం చేతా, ఏ మనిషి చేతా పాడించను.