అమ్మమ్మ ముగ్గులో అర్మేనియా

మొన్న మలేసియాలో, మా క్లాంగ్‌లో మేము సరుకులు కొనే కొట్లో ఎండు ఆప్రికాట్ పళ్ళ సంచి విప్పారు. ఆ పుల్లతీపి వాసన ముక్కుకు తగిలేసరికి నా అరవై ఏళ్ళూ ఎటు పోయాయో గాని, సుంగై పెటానిలో అమ్మమ్మ చెయ్యి పట్టుకుని దొరసాని బంగళా మెట్లెక్కుతున్నాను. ఆ పళ్ళు డబ్బాలో దాచుకుని నాకు రోజుకొకటి పెట్టేది దొరసాని. రబ్బరు తోట మేనేజరు భార్య, ఆయన పోయాక ఒంటరిది. అమ్మమ్మ అక్కడ వంటమనిషి. దొరసాని ఇంగ్లీషు మనిషేననుకునేవాళ్ళం. కాదట, అర్మేనియా ఆవిడట. ఆ పేరు మా మేష్టారికే తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది!

వాన వెలిసి మా ఊరి జెరాయి కొండ కడిగినట్టు కనబడే సాయంత్రాల్లో ఆవిడ మలయ్‌లో తన దేశం గురించి చెప్పేది. జెరాయిలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తున అరారత్ కొండ, నడి వేసవిలోనూ దాని నెత్తిన మంచు, రాతిని లేసులా చెక్కిన సిలువలు, రాజ్యాలు ఎన్ని చేతులు మారినా వదులుకోని సొంత లిపి, సబ్బు లేకుండానే బట్టలు తెల్లబడే వాన్ సరస్సు. నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. “సబ్బెట్టకుండానా? అదేటి సరస్సే గుంటా,” అని నన్నడిగి అమ్మమ్మ అక్కడే ఆగిపోయేది. తనకు ఏడేళ్ళప్పుడు టర్కీ సైనికులు ఊళ్ళు తగలబెట్టి జనాన్ని చంపుతుంటే, తల్లి వెంట నడిచి పారిపోయి వచ్చిందట దొరసాని. ఆ సరస్సూ ఆ కొండా ఇప్పుడు టర్కీలో ఉన్నాయి. మిగిలిన అర్మేనియాలో వాళ్ళకు కొండ రోజూ ఎదురుగా కనిపిస్తుందట, ఎక్కడానికి మాత్రం వాళ్ళది కాదట.

కొన్నాళ్ళకు దొరసాని కళ్ళు మసకబారాయి. గోడ మీది అర్మేనియా పటం కనబడక, చూపుతో పాటు తన ఊరూ మరుపున పడుతుందని బెంగపెట్టుకుంది. అమ్మమ్మకు అక్షరం రాదు, ముగ్గు మాత్రం చుక్క తప్పదు. శనివారం శనివారం ఎర్ర సిమెంటు వరండా మీద బియ్యప్పిండితో, ఆ పటం చూసి, లావుగా ఆ దేశం గీసేది, దొరసాని మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో తడిమి దిద్దేది. అరారత్‌కు ఉప్పు కుప్ప పోయడం నా పని. సరస్సుకు పళ్ళెంలో నీళ్ళు పెట్టేవాళ్ళం. ఒకరోజు అమ్మమ్మ ఆ నీళ్ళలో బట్టల సోడా కలిపింది. దొరసాని వేళ్ళు ముంచి, ఆ జారుడు రుద్ది చూసుకుని, “ఇదే, ఇదే” అని ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని ఆవిడే అడిగింది, ఇప్పుడు మీ ఊరు వెయ్యి, తడిమి చూస్తానని. అమ్మమ్మ గొంతుక్కూర్చుని పిండి చేతిలోకి తీసుకుంది. ఒక్క చుక్క పెట్టి చెరిపేసింది. మలయ్ మానేసి తెలుగులో నాతో అంది.

“మా అయ్య ఇసాపట్నం కాడ పడవెక్కినాడు. ఊరి పేరు సెప్పేవోడే, నానే మర్సిపోనాను. నువ్వే సెప్పు దొరసానికి.”

చెప్పాను. దొరసాని అమ్మమ్మ చెయ్యి వెతికి పట్టుకుంది. “మిమ్మల్ని ఎవరూ తరమలేదు కదా, మరి ఊరి పేరు ఎలా పోయింది?” అంది. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

ఆ బంగళా చోట ఇప్పుడు ఫ్యాక్టరీ ఉంది. దొరసానీ లేదు, అమ్మమ్మా లేదు. మా పిల్లలకు తెలుగు వింటే తెలుస్తుంది గాని నోట పలకదు. వాన్ ఎక్కడో, అరారత్ ఎటో ఈనాటికీ నేను కళ్ళు మూసుకుని వేయగలను.

కిందటేడు పట్టుబట్టి విశాఖపట్నం వెళ్ళాను. విమానం దిగి కారెక్కితే డ్రైవరు వెనక్కి తిరిగి, “ఏ ఊరెల్లాలమ్మా?” అన్నాడు. అచ్చం అమ్మమ్మ మాట. ప్రాణం లేచొచ్చి జవాబు చెప్పబోయాను.

“పేరు తెల్దు బాబూ,” అన్నాను. “నువ్వు పోనీ.”