చెకప్ కాని రోజు

పదవీ విరమణకు ఆరేళ్ల ముందు, ఒక జూలై నెలలో, ఢిల్లీలోని ఒక ప్రభుత్వ రంగ సంస్థ కార్యాలయానికి నన్ను మెడికల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. సిబ్బందికి మందులు రాయడంతో పాటు, డ్రైవర్లకు ఏటా చెకప్ చేసి, బండి నడపడానికి పనికివస్తారో లేదో రాసివ్వడం నా బాధ్యత. తేదీని వారం ముందే నోటీసు బోర్డులో పెట్టేవాళ్లం. ఆ ఉదయం పరగడుపున రక్తం తీసి, షుగర్ హద్దులో ఉంటే 'ఫిట్' అని సంతకం చేసేవాణ్ణి.

మొదటి ఏడాదే రాంపాల్ అనే సీనియర్ డ్రైవరుకి షుగర్ బయటపడింది. మందులు మొదలుపెట్టి, కొంతకాలం చూసి నిర్ణయించే వీలు నిబంధనల్లో ఉంది. నేను అంత ఓపిక పట్టలేదు. 'అన్‌ఫిట్' అని రాసేశాను. సాయంత్రానికల్లా అతని దగ్గర బండి తాళాలు తీసుకుని, అతన్ని రికార్డు రూము పనికి పంపారు.

ఆ తర్వాత రెండు చెకప్‌లలో డ్రైవర్లెవరికీ షుగర్ రాలేదు. అది నా ఉపన్యాసాల ఫలితమని నమ్మాను. నడక గురించి, తీపి తగ్గించడం గురించి హిందీలో, ఇంగ్లీషులో పోస్టర్లు వేయించాను. పై అధికారులకు పంపే నివేదికలో ఆ సంగతి కాస్త గొప్పగానే రాసుకున్నాను.

నాలుగో ఏడాది చెకప్ కూడా అలాగే ముగిసింది. మూడు వారాల తర్వాత నోయిడా కార్యాలయంలో ఇదే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ రోజు బండి సింహాచలానిది. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై దాటినవాడు. ఏటా నా చేతి మీదుగా ఫిట్ అయినవాడు. యమున దాటేలోపే రెండుసార్లు బండి ఆపి పక్కకు వెళ్లొచ్చాడు.

"ఏమయ్యా, ఇవాళ నోయిడా చేరతామా?" అన్నాను.

"నీళ్లెక్కువ తాగీసినాను సార్. ఎండ కదా."

మూడోసారి ఆపినప్పుడు నాకు నవ్వు రాలేదు. సభలో చూపించడానికి తెచ్చిన గ్లూకోమీటర్ తీసి, అతని వేలు పట్టుకున్నాను. మూడు వందల నలభై.

"ఇది లెక్కెట్టకండి సార్! ఇయాల చెకప్ కాదు కదా!" అన్నాడు కంగారుగా.

"మరి చెకప్ రోజు అంత తక్కువ ఎలా వచ్చింది?"

స్టీరింగ్ వైపు చూస్తూ చెప్పాడు. "నోటీసు ఎట్టిన కాడ్నుంచి అన్నం మానీస్తాం సార్, అందరం. దోసకాయలు, మజ్జిగ. రెండుపూటలా పార్కు చుట్టూ నడక. రాంపాల్ భయ్యాయే నేర్పినాడు. ఇలాగ సేస్తే సుగరు దిగుతాదని తాళాలు పోనాక ఆయనకి తెలిసొచ్చింది."

"ఆ తిండీ ఆ నడకా ఏడాదంతా ఉంటే ఏం పోయింది?"

"చెకప్పుకనే అనుకున్నాం సార్. ఒంటికీ పనికొస్తాదని ఎవులు సెప్పినారు?"

"పోస్టర్లో ఉందిగా."

"నాకు హిందీ మాటే వొచ్చు సార్. సదవడం రాదు."

నాలుగేళ్లుగా నేనూ అతనూ ఊరి వానల గురించి, రైలు టికెట్ల గురించి తెలుగులోనే మాట్లాడుకున్నాం. ఇంట్లో ఏం తింటావని ఒక్కసారి అడగలేదు.

మర్నాడు మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష, కంటి పరీక్ష చేయించాను. ఎడమ కన్ను లోపలి పొరలో అప్పటికే రక్తం చిమ్మి ఉంది. చికిత్స చేయించినా ఆ కంటి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. ఈసారి అన్‌ఫిట్ రాయక తప్పలేదు. కాగితం అందుకుంటూ అడిగాడు.

"ముందే తెలిసుంటే కన్ను దక్కీదా సార్?"

"దక్కేదేమో" అన్నాను. ఆ 'ఏమో' నన్ను నేను కాపాడుకోవడానికి అన్నదే.

తర్వాత నిబంధనలు తిరగేసి, పై అధికారులను ఒప్పించాను. షుగర్ బయటపడ్డ డ్రైవరుకి మూడు నెలల చికిత్స, ఆ పైనే నిర్ణయం. అవసరమైతే ఆ మూడు నెలలు బండి దిగుతాడు, కానీ అతని స్థానం అతనికే ఉంటుంది. ఈ మాటలు డ్రైవర్ల గదిలో కూర్చుని నోటితో చెప్పాను, హిందీలోనూ తెలుగులోనూ. మరుసటి ఏడాది ఐదుగురికి షుగర్ కనిపించింది. అందులో ఇద్దరు చెకప్ దాకా ఆగకుండా వాళ్లంతట వాళ్లే వచ్చారు. నా నివేదికల్లో చూడడానికి అన్నిటికంటే అధ్వానమైనది ఆ ఏడాదిదే. నిజం ఉన్న మొదటి నివేదిక కూడా అదే.

నిజం బయటపడితే పని పోతుందని తెలిసిన మనిషి చెకప్ నుంచి ఒక్కటే నేర్చుకుంటాడు, ఆ ఒక్కరోజు బాగున్నట్టు కనిపించడం. మిగతా డ్రైవర్లకు ఆ పాఠం రాంపాల్ చెప్పాడు. రాంపాల్‌కి చెప్పినవాణ్ణి నేను.