రాణి ఈగ తిరిగొచ్చిన మధ్యాహ్నం

ఇది జరిగి రెండేళ్లయింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. మా కోడలి దగ్గర తెలుగు రాయడం నేర్చుకుని ఇప్పుడు రాస్తున్నాను.

మాది రాయగడ. మా పెరట్లో బల్ల మీద ఒక తేనెటీగల పెట్టె ఉంది. ముసలి రాణి చచ్చిపోయి కొత్త రాణి పుట్టింది. అది బయటికి ఎగిరెళ్లి జతకట్టి తిరిగొస్తేనే గుడ్లు పెడుతుంది, రాకపోతే పెట్టె ఖాళీ అయిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈగల్ని తినే పచ్చపిట్టలు మా కరెంటు తీగ మీద చేరాయి.

ఒక మధ్యాహ్నం సంత నుంచి వచ్చేసరికి బల్ల మీద పెట్టె లేదు. ఈగలు పెట్టెను కాదు, అది ఉన్న చోటునే గుర్తుపెట్టుకుంటాయి. అవి ఖాళీ బల్ల చుట్టూ తిరుగుతుంటే పిట్టలు ఒక్కొక్కదాన్నీ పట్టుకుపోతున్నాయి.

“పెట్టేటయిందండీ?” అని అరిచాను.

“పిట్టలు తినేత్తన్నాయని వంటింటెనక ఎట్టీసేను,” అన్నారు మా ఆయన గొప్పగా. ఆయన మునిసిపాలిటీలో కుళాయిల పని చేస్తారు.

“ఓలమ్మో! రాణి బయటికెల్లుంటే దానికి దారెలా తెలుస్తాది? మీకు కుళాయిలు తప్ప ఏటీ తెల్దు!”

ఇద్దరం పెట్టె మోసుకొచ్చి మళ్లీ బల్ల మీద పెట్టాం. ఈగలు బిలబిలమంటూ లోపలికి దూరాయి. ఒకటి ఆయన ముక్కు మీద కుట్టింది. నేను తువ్వాలు విసురుతూ పిట్టల్ని తోలుతూ నిలబడ్డాను. చాలాసేపటికి పొడుగాటి ఈగ ఒకటి వచ్చి పెట్టె గుమ్మంలో వాలింది. దాని వెనక తెల్లటి పోగు వేలాడుతోంది. అది జతకట్టిన గుర్తు. రాణి లోపలికి వెళ్లిపోయాక అక్కడే కూలబడి నవ్వేశాను.

ఆయన మంచికే చేశారని నాకు తెలుసు. అయినా మర్నాడు పొద్దున్నే, ఆయన చూస్తుండగానే, పెట్టెను తాడుతో బల్లకి గట్టిగా కట్టేశాను.