బండి వెనక రెండు చిన్న చక్రాలు

నా భార్య పోయాక ఆదివారాలు ఇంట్లో ఉండలేక మైపాడు బీచికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. ఇందుకూరుపేటలో నాది వెల్డింగు షాపు. పని ఉన్న రోజు ఎలాగో గడిచిపోయేది, సెలవు రోజే కష్టం. బీచిలో జనాన్ని తిప్పే ఏటీవీ ఒకటి, అంటే లావు టైర్ల నాలుగు చక్రాల బండి, పాడై తుప్పు పడుతుంటే కొనుక్కొచ్చాను. దానికి పాత మోటారుసైకిలు ఇంజను బిగించాక వేగం చూసి నాకే భయమేసింది.

అలలు వెనక్కి తగ్గిన పొద్దుట తడి ఇసుక రోడ్డులా గట్టిగా ఉంటుంది. రొయ్యల గుంటలవాళ్లు కొందరు అక్కడ ఇలాంటి బళ్లతోనే పందేలు వేసుకునేవాళ్లు. తిన్నగా పోవాలి, బోర్లించిన పడవను ముందు దాటినవాడిదే గెలుపు. నన్నూ చేర్చుకుని భాయ్ అని పిలిచేవాళ్లు. అంతకుమించి నా సంగతులు వాళ్లడగలేదు, నేను చెప్పలేదు.

ఒకరోజు ఒక్కణ్ణే వెళ్లి, బండిని ఒక్కసారిగా దూకించాను. ముందు చక్రాలు లేచాయి. బండి వెనక్కి తిరగబడి నామీద పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. చేపల తట్టతో పోతున్న ఒకామె కేకలేసి మనుషుల్ని పిలిచి బండి ఎత్తించింది.

"మీ ఇంట్లో ఎవురికి ఫోన్ చెయ్యాలన్నా?" అనడిగింది.

ఫోను తీసి చూశాను. ఏ పేరు చెప్పాలో తెలియలేదు.

"ఎవురికీ వద్దులేమ్మా. ఆటో పిలిస్తే చాలు."

నొప్పికంటే ఆ మాటే ఎక్కువ రోజులు బాధపెట్టింది.

కట్టు విప్పాక వీలీ బార్ చేయడం మొదలుపెట్టాను. బండి వెనక్కి రెండు గొట్టాలు చాచి, చివర చిన్న చక్రాలు పెడతారు. ముందుభాగం లేచినప్పుడు అవి నేలకు ఆని, బండి తిరగబడకుండా ఆపుతాయి. గుంటల్లో నీళ్లు చిలికే పాత యంత్రం ఫ్రేము కోసి గొట్టాలు తీశాను. వెడల్పాటి రబ్బరు చక్రాలు బిగించాను. మొదటిసారి మరీ కిందికి పెట్టేశాను. బరువంతా వాటిమీదే పడి, పెద్ద టైర్లు పట్టు లేక ఉన్నచోటే ఇసుక తవ్వాయి. కోసేసి, కొంచెం పైకి జరిపి మళ్లీ అతికించాను.

ఇదివరకు పొడుగు గొట్టం అతికించేటప్పుడు అవతలి కొస నా భార్య పట్టుకునేది, మెరుపు కళ్లలో పడకుండా మొహం పక్కకు తిప్పుకుని. ఇప్పుడు దూలానికి తాడు కట్టి వేలాడదీశాను. గొట్టం ఊగుతూనే ఉంది. రెండుసార్లు "గట్టిగా పట్టుకో" అనేశాను కూడా.

పని పూర్తయ్యాక వచ్చిన ఆదివారం పందెంలో బండి ముందుభాగం లేచింది. వెనక చిన్న చక్రాలు టక్కుమని నేలకు తగిలాయి. బండి అలాగే దూసుకుపోయింది. పడవను నేనే ముందు దాటాను.

గుంటలవాళ్లలో పెద్దాయన దిగొచ్చి వంగి చూశాడు. "నువ్వే చేసినావా భాయ్? భలే ఉండాదే! నెల్లూరు పోతుండాం, మధ్యాన్నం బిర్యానీ తిందాం రా."

"షాపులో పనుండాదన్నా. మీరు పోండి."

పనేమీ లేదు. తింటూ తింటూ ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతారు, అంతే.

వాళ్లు వెళ్లిపోయారు. నేను ఇంటికొచ్చి, ఉప్పు పోయేదాకా బండి కడిగి, గొట్టాలకు నూనె రాశాను. తలెత్తి చూస్తే ఎండ ఇంకా వాకిలి దాకా కూడా రాలేదు, ఆదివారం అంతా మిగిలే ఉంది.